బడి విడిచిన తరువాత అరగంట

సాయంకాలము పాఠశాలలో చివరి గంట మ్రోగును. అంతవరకు నిశ్శబ్దముగా నున్న ఆవరణము తేనెతుట్టె కదలినట్లు ఒక్కసారి కదలును. సంచులు భుజములకెక్కును. గేటువద్ద త్రోపులాట మొదలగును. అయిదు నిమిషములలో రెండు మూడు వందలమంది పిల్లలు ఒక ఇరుకు దారిగుండ వీథిలోనికి వచ్చిపడుదురు. మరి అరగంటకు ఆ వీథి మరల ఎప్పటివలె సద్దుమణగును. ఈ అరగంట ఎవరిది?

ప్రశ్న వింతగా తోచవచ్చును. గంట మ్రోగువరకు పిల్లవాడు ఉపాధ్యాయుని హాజరుపట్టీలో నున్నాడు. ఇంటి గడప త్రొక్కిన తరువాత తల్లి కంటియెదుట నున్నాడు. ఈ రెంటికి నడుమనున్న దారిలో అతడు ఏ పట్టీలోను లేడు. "బడి విడిచితిమి గదా" అని ఉపాధ్యాయుడు నిశ్చింతగా నుండును. "ఇంకను రాలేదేమి" అని తల్లి వాకిట నిలుచుండును. కీడు జరిగిననాడు ఒకరినొకరు నిందించుకొందురు. ఇద్దరి మాటలోను కొంత న్యాయము లేకపోలేదు.

దారి మాత్రము గ్రామముది. 1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణము వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 విషయములు పేర్కొనబడినవి. వానిలో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. 25వది స్త్రీ శిశు అభివృద్ధి. బడి విడుచువేళ ఈ మూడు విషయములును ఒక్క గేటువద్ద కలిసికొనుచున్నవి. కావున ఈ అరగంటను గూర్చి ఆలోచింపవలసిన బాధ్యత, మరి ఎవరికున్నను లేకున్నను, పంచాయతీ సభ్యులకు తప్పదు.

మొదట చేయవలసినది తీర్మానము కాదు. ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి ఒక సాయంకాలము బడి గేటుకు కొంచెము దూరముగా నిలిచి చూడుడు. వచ్చినట్లు ముందుగా ఎవరికిని చెప్పకుడు. చెప్పినచో ఆనాడు అంతయు సక్రమముగానే జరుగును.

ఏమి కనబడును? గేటు తిన్నగా రోడ్డుమీదికే తెరచుకొనును. గేటుకెదురుగా రోడ్డు ఆవలిప్రక్క మిరపకాయ బజ్జీల బండి, ఐస్ అమ్మువాని పెట్టె ఉండును. పిల్లల చేతిలోని రూపాయి వారిని రోడ్డు దాటించును. గేటు మొగముననే నాలుగు మోటారుసైకిళ్లు, రెండు ఆటోలు నిలిచియుండును. ఆటో మలుపుకొనుటకు చోటు చాలక వెనుకకు వచ్చును. వెనుకనున్న పిల్లవాని తల డ్రైవరు అద్దములో కనబడనంత క్రిందనుండును. ఇంతలో ఇసుక ట్రాక్టరు ఒకటి హారను మ్రోగించుచు పోవును. ఇవి అన్నియు మనకు నిత్యము కనబడునవే. అలవాటగుటచే అపాయముగా తోచవు.

కాని వీనియన్నిటికంటె అపాయకరమైనది మరియొకటి గలదు. దానిని చేయువారు పిల్లలను ప్రాణముగా ప్రేమించువారే. తండ్రియో తాతయో రోడ్డుకు ఆవలిప్రక్క బండి ఆపి, అక్కడినుండియే చేయి ఊపి "రారా, తొందరగా రా" అని పిలుచును. ఆ పిలుపు వినబడగానే బిడ్డకు రోడ్డు కనబడదు, తండ్రి ముఖము మాత్రమే కనబడును. కుడియెడమలు చూడవలెనని బడిలో నేర్చిన పాఠము ఆ క్షణమున జ్ఞప్తికి రాదు. నాన్న పిలిచినాడన్నచో దారి నిరపాయముగానే యుండునని ఆ పసిమనస్సు నమ్మును. పిల్లలను తీసికొనిపోవువారు బడి గేటున్న ప్రక్కకే వచ్చి, చేయి పట్టుకొని, తామే రోడ్డు దాటింపవలెను. ఈ ఒక్క నియమము గ్రామములో నిలిచినచో తక్కిన ఏర్పాటులు ఆలస్యమైనను కొంతకాలము ఓర్చుకొనవచ్చును. దీనికి ఒక్క పైసా ఖర్చులేదు. అందుచేతనే కాబోలు ఎవ్వరును పట్టించుకొనరు.

పిల్లవాడు చిన్న పరిమాణములోనున్న పెద్దవాడు కాడు. వచ్చుచున్న బండి ఎంత దూరమున నున్నది, ఎంత వేగముగా వచ్చుచున్నది అను రెండు విషయములను ఒకేసారి అంచనా కట్టు శక్తి తొమ్మిది పదేండ్లు వచ్చువరకు సరిగా అలవడదు. ఇక బండివాని సంగతి. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోవును. పిల్లవానిని చూచి, పాదము బ్రేకుమీదికి చేర్చుటకే ఒక సెకను పట్టును. అనగా బ్రేకు పనిచేయ నారంభించునప్పటికే బండి ఒక తరగతి గది పొడవును దాటిపోయి యుండును. వేగము 60 అయినచో ఆ దూరము 17 మీటర్లకు సమీపించును. పాదచారులును వాహనములును కలిసి తిరుగుచోట వేగము 30 కిలోమీటర్లకు మించరాదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోము నగరమున జరిగిన రహదారి భద్రతా మంత్రుల మహాసభ ప్రకటించినది.

వేగము తగ్గింపవలెననగానే మన గ్రామములలో తోచు ఉపాయము ఒక్కటే. రాత్రికి రాత్రి రోడ్డుకడ్డముగా మట్టియో కాంక్రీటో పోసి ఒక గట్టు కట్టుదురు. మరునాటినుండి మోటారుసైకిలు వెనుక కూర్చున్న స్త్రీలు దానిమీద ఎగిరిపడుదురు. నిండుచూలాలిని తీసికొనిపోవు 108 వాహనము దానివద్ద కుంటును. స్పీడు బ్రేకరునకు ఒక కొలత గలదు. భారత రోడ్డు కాంగ్రెసు 1988లో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము అది వాహనము నడచు దిశలో 3.7 మీటర్ల వెడల్పును, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తును గలిగి, విల్లువలె మెల్లగా లేచి మెల్లగా దిగవలెను. దానిమీద గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పోవువానికి కుదుపు ఉండదు, అంతకు మించినవానికి ఉండును. రాత్రియు కనబడునట్లు చారలు వేయవలెను. 40 మీటర్ల ముందుగా హెచ్చరిక పలక నాటవలెను. పలకలేని స్పీడు బ్రేకరు వాహనముల వేగమును ఆపదు, వాహనమునే పడవేయును.

గ్రామములోని వీథులలో పంచాయతీ తానే ఈ పని చేయింపవచ్చును. రోడ్లు భవనముల శాఖవారి రోడ్డైనచో ఆ శాఖ ఇంజనీరునకు తీర్మానము ప్రతితో అర్జీ పెట్టవలెను. జాతీయ రహదారిమీద స్పీడు బ్రేకర్లు వేయనీయరు. అక్కడ క్రింది దారియో, పాదచారుల వంతెనయో కోరవలసియుండును. ఆలోగా పిల్లలు ఒక్కచోటనే, ఒక పెద్దవాని వెంట, గుంపుగా దాటు ఏర్పాటు చేసికొనవలెను.

గేటువద్దకు మరల వత్తము. బజ్జీల బండివానిని తరిమివేయవలెనని కొందరందురు. అతనికిని కడుపు కలదు. బండిని రోడ్డు దాటనక్కరలేని ప్రక్కకు, గేటుకు ముప్పది నలుబది అడుగుల దూరమునకు జరిపిన చాలును. ఆటోలును మోటారుసైకిళ్లును నిలుచుటకు గేటుకు దూరముగా ఒక చోటు చూపి సున్నముతో గీత గీయవలెను. ఆ గీతకు ఈవల పిల్లలున్నంతసేపు ఏ బండియు వెనుకకు రాగూడదు. ఒకటి రెండు తరగతుల పిల్లలను పది నిమిషములు ముందుగా విడుచుట మంచిది. పెద్దపిల్లల పరుగులో చిన్నవారు నలుగకుందురు. పాఠశాలకు రెండవ గేటు ఉండి, అది సందులోనికి తెరచుకొనుచున్నచో, దాని తాళము తీయించుడు. ఎన్నో ఊళ్లలో అట్టి గేటు ఉన్నది, దాని తాళపుచెవి ఎవరివద్ద నున్నదో ఎవరికిని తెలియదు.

రోడ్డు దాటించుటకు ఇద్దరు పెద్దవారు కావలెను. ఎఱ్ఱజెండా చేతికిచ్చి తొమ్మిదవ తరగతి పిల్లవానిని రోడ్డుమధ్య నిలుపుట తగదు, రక్షింపబడవలసినవారిలో వాడును ఒకడే. 2009 నాటి విద్యాహక్కు చట్టము క్రింద ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య సంఘము గలదు. దానిలో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే, సగముమంది స్త్రీలు. వారిలో ఇద్దరిద్దరు వారమునకు వంతుగా నిలువగలరు. పొదుపు సంఘముల స్త్రీలు ఇట్టి పనిని నియమము తప్పక చేయుదురని నా అనుభవము. పురుషులను నియమించినచో మూడవవారమునకు ఎవరును కనబడరు. ఎవరైనను నొచ్చుకొన్నచో మన్నింపవలెను.

ఇక వాహనముల సంగతి. 1997 నవంబరు 18వ తేదీన ఢిల్లీలో వజీరాబాదువద్ద ఒక పాఠశాల బస్సు వంతెనమీదినుండి యమునానదిలో పడి 28 మంది పిల్లలు మరణించిరి. అటుపిమ్మట సుప్రీంకోర్టు పాఠశాల బస్సుల వేగము 40 కిలోమీటర్లకు మించరాదనియు, ప్రయాణమునందు తలుపులు మూసియుండవలెననియు, డ్రైవరునకు భారీ వాహనములు నడపిన అయిదేండ్ల అనుభవముండవలెననియు ఆదేశించెను. మన మెదకు జిల్లాలో మాసాయిపేటవద్ద 2014 జూలై 24వ తేదీ ఉదయమున కాపలాలేని రైలుగేటువద్ద పాఠశాల బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పసివారు బలియైరి. బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని గేటులను 2019 జనవరి నాటికి రైల్వేవారు తొలగించిరి. కాని దగ్గరదారియని పట్టాలమీదుగా నడచిపోవు పిల్లలకు ఏ గేటు అడ్డముండును? మీ గ్రామమున అట్టి కాలిబాట ఉన్నదో లేదో మీకే తెలియవలెను.

బస్సులోనుండి కంటె బస్సు దిగిన తరువాతనే ఎక్కువ జాగ్రత్త కావలెను. దిగిన పిల్లవాడు బస్సు ముందుగా రోడ్డు దాటబోవును. ఎత్తుమీద కూర్చున్న డ్రైవరునకు బస్సు మొగమునకు ఆనియున్న బిడ్డ కనబడదు. బస్సును దాటి దూసుకొనివచ్చు మోటారుసైకిలు బిడ్డకు కనబడదు. కావున బస్సు వెళ్లిపోయి రోడ్డు రెండువైపుల తేటగా కనబడిన పిమ్మటనే దాటవలెను. బస్సులోని సహాయకుడు క్రిందికి దిగి, దిగినవారెందరో, తనకు కనబడుచున్నవారెందరో లెక్కచూచి, రెండు లెక్కలు సరిపోయిన తరువాతనే పోనిమ్మనవలెను. ముగ్గురు పెద్దలకై చేసిన ఆటోలో పదునైదుగురు పిల్లలను క్రుక్కి, సంచులను బయట వ్రేలాడగట్టి పోవుట మనము ప్రతిదినము చూచుచున్నదే. ఆటోవాడొక్కడే దోషి కాడు. నెలకు రెండువందలు తక్కువకు కుదిరినాడని సంతోషించిన మనకును అందులో పాలు కలదు.

తొమ్మిది పది తరగతుల బాలురు తండ్రి మోటారుసైకిలుమీద బడికి వచ్చి, బడి విడువగానే ముగ్గురు మిత్రులను ఎక్కించుకొని పోవుట ఇప్పుడొక గొప్పగా మారినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము బాలుడు బండి నడపి నేరము చేసినచో తండ్రియో, బండి యజమానియో శిక్షార్హుడగును. మూడేండ్లవరకు జైలు, ఇరువదియైదువేల రూపాయల జరిమానా, పండ్రెండు నెలలు బండి రిజిస్ట్రేషను రద్దు. నాలుగేండ్లు దాటిన బిడ్డకు కూడ హెల్మెటు ఉండవలెనని అదే చట్టము చెప్పుచున్నది. గ్రామసభలో ఈ రెండు మాటలు చదివి వినిపించుట మంచిది. సభ్యుల ఇండ్లలోని కుమారులు బండ్లు నడపుచున్నచో చదువువారికి కొంచెము కష్టముగా నుండును.

ఇంతవరకు చక్రముల అపాయము చెప్పితిని. అప్పగింతలోని అపాయము వేరు. నేను ఉపాధ్యాయుడుగా నున్న ఒక గ్రామములో ఒకటవ తరగతి చదువుచున్న బాలిక ఒక సాయంకాలము ఇంటికి చేరలేదు. తల్లి నాట్లకు పోయి దీపాలవేళకు వచ్చెను. బిడ్డ నాయనమ్మ యింట ఉన్నదనుకొనెను, నాయనమ్మ తల్లివద్ద ఉన్నదనుకొనెను. ఊరంతయు కదిలెను. ఇద్దరు యువకులు దిగుడుబావిలోనికి దిగిరి. కాలువలో గాలపుకొక్కెములు వేసి లాగిరి. ఆ తల్లి గట్టుమీద కూర్చుండి ఒక్క మాటయు మాటాడక నీటివంకనే చూచుచుండెను. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట పొరుగూరినుండి ఫోను వచ్చెను. మేనమామ జాతరకని వచ్చి, బడివద్దనే మేనకోడలిని బండిమీద ఎక్కించుకొని పోయినాడట. బిడ్డ అక్కడ హాయిగా నిద్రించుచున్నదట.

కీడు ఏమియు జరుగలేదు. అందరును మేనమామను తిట్టి ఊరకుండిరి. కాని ఆ సాయంకాలము నేను గేటువద్దనే యుంటిని. ఆ బిడ్డ నాకు నమస్కారము చేసినట్లు కూడ గుర్తున్నది. ఎవరితో పోయినదో గుర్తులేదు. వచ్చినవాడు మేనమామ గాక మరియొకడైనను నా సాక్ష్యము అంతే.

మరునాడు ఒక నోటుపుస్తకము తెరచితిమి. అంగన్‌వాడీ మొదలు రెండవ తరగతివరకు ప్రతి బిడ్డకును ఒక పుట. తీసికొనిపోదగినవారి పేర్లు మూడు, తల్లిదండ్రుల ఫోను నంబరు, ఆటోలో పోవువారికి ఆటో నంబరు, డ్రైవరు పేరు. పుటలో పేరులేనివాడు వచ్చినచో, అతడెంత దగ్గర చుట్టమైనను, ఉపాధ్యాయుడు తానే తన ఫోనునుండి తల్లిదండ్రులను అడుగవలెను. వచ్చినవాడు కలిపి యిచ్చిన ఫోనులో మాటాడి విడువరాదు. మొదటి నెల చుట్టములు చిన్నబుచ్చుకొనిరి, పిదప అలవాటుపడిరి. అక్కకై ఎదురుచూచు తమ్ముని గేటువద్ద గాక అక్క తరగతి వరండాలో కూర్చుండబెట్టితిమి. భార్యాభర్తల తగవులున్న యింటి బిడ్డను ఎవరికప్పగింపవలెనన్నది ప్రధానోపాధ్యాయుడు ముందుగానే వ్రాతపూర్వకముగా తెలిసికొనియుండవలెను. గేటువద్ద పంచాయతీ పెట్టినచో బిడ్డ తల వంచుకొని అంతయు వినుచుండును.

ఇంటింటను ఒక గుర్తుమాట పెట్టుకొనుట కూడ మంచి పద్ధతి. "మీ నాన్న పంపినాడు, రా" అని యెవడైన పిలిచినచో బిడ్డ ఆ మాట అడుగవలెను. మన యింటి దూడ పేరు చాలును. చెప్పలేనివానివెంట అడుగు వేయక ఉపాధ్యాయునివద్దకు పరుగెత్తవలెను.

పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని 2018 మే నెలలో సెల్‌ఫోనులలో వదంతులు వ్యాపించి, మన రెండు తెలుగు రాష్ట్రములలోను నిరపరాధులు దెబ్బలు తినిరి, ప్రాణములు కోల్పోయినవారును కలరు. క్రొత్తముఖము కనబడగానే కొట్టుట కాపలా కాదు. పిల్లలపై అత్యాచారములు చేయువారిలో అత్యధికులు బిడ్డకు పరిచయమున్నవారే. అట్టి సంగతి తెలిసినప్పుడు 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపవలెను, తెలిసియు దాచుట నేరము. రచ్చబండవద్ద రాజీ చేయుటకు ఏ సభ్యునికిని అధికారము లేదు. బాలల సహాయమునకు 1098, ఆపదకు 112, వైద్యమునకు 108 నంబర్లను గేటుప్రక్క గోడమీద జానెడేసి అక్షరములతో వ్రాయింపుడు. గాయపడినవారిని సదుద్దేశముతో ఆసుపత్రికి చేర్చినవారిని ఇబ్బందిపెట్టకుండ 2019 సవరణము రక్షణ కల్పించినది. "కేసు మనమీద పడును" అను భయముతో ఎవరును వెనుదీయనక్కరలేదు.

కాలమునుబట్టి ఈ అరగంట స్వభావము మారును. వానకాలమున వాగు పొంగినచో, ఆవలి గూడెము పిల్లలను గంట మ్రోగినదని విడువరాదు. రాత్రియైనను ఈవలియొడ్డున ఎవరియింట ఉందురో ముందే నిర్ణయించి, ఆ యిండ్లవారికిని పిల్లల తల్లులకును తెలిపియుంచవలెను. మోకాలిలోతు వేగపు నీరు పెద్దవానినే పడద్రోయును. చలికాలమున అయిదున్నర దాటినంతనే ప్రొద్దుగూకును. ఆ దినములలోనే పదవ తరగతివారికి ప్రత్యేక తరగతులు మొదలగును. ప్రొద్దువ్రాలిన తరువాత శివారు పల్లెలకు నడచిపోవు బాలికల దారిలో వీథిదీపములు వెలుగుచున్నవో లేదో చూచుట పూర్తిగా పంచాయతీ పని. ఆ దీపము వెలుగక చదువు మానిపింపబడిన బాలిక పేరు ఏ ప్రమాదముల లెక్కలోను చేరదు.

మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు వచ్చును. మధ్యాహ్నము పండ్రెండున్నరకు భోజనముచేసి పిల్లలు బయటపడుదురు. తల్లిదండ్రులు పొలములోనో, కూలికో పోయియుందురు. ఇంటికి తాళము, వీథిలో నిప్పులు చెరుగు ఎండ. పిల్లల కాళ్లు చెరువువైపునకు, క్వారీ గుంటలవైపునకు, వ్యవసాయ బావులవైపునకు తిరుగును. ప్రతి వేసవిలోను ఏదో యొక జిల్లాలో ఇద్దరు ముగ్గురు బాలలు కలిసి మునిగిపోయినారను వార్త మనము చదువుచునేయున్నాము. ఒకడు జారగా రక్షింపబోయి రెండవవాడును పోవును. ఈ నెలన్నర మాత్రము గ్రంథాలయమునో, పంచాయతీ కార్యాలయపు హాలునో మూడు గంటలవరకు తెరచి, కుండలో చల్లనినీరు పెట్టి, ఒక పెద్దను కూర్చుండబెట్టవలెను. నీళ్ల గుంటలకు ముళ్లకంచె వేయించి, మెట్లులేని బావులకు మోకాలికి మించిన ఎత్తున గోడ కట్టింపవలెను.

ఈ పనులను పంచాయతీ సమావేశపు కార్యక్రమపట్టికలో సంవత్సరమునకు మూడు పర్యాయములు చేర్చుకొనినచో సరిపోవును. వానలకు ముందు, ప్రత్యేక తరగతులకు ముందు, ఒంటిపూట బడులకు ముందు. ప్రధానోపాధ్యాయుని, అంగన్‌వాడీ కార్యకర్తను, ఆటో డ్రైవర్లను పిలువవలెను. జూనులో బడులు తెరచు మొదటివారమున గేటువద్ద మరి ఇద్దరిని ఎక్కువగా నిలుపుడు. ఆ వారములో ఒకటవ తరగతి పిల్లలకు తమ యింటిదారి ఏ వైపుననున్నదో ఇంకను సరిగా తెలియదు.